పూసిన దుంప మళ్లీ పూయదు

"పోయినేడు దసరాకి నడుమెత్తు కాడలేసి వీధంతా ఘుమఘుమలాడించింది వదినగారూ. ఈ ఏడు చూడండి, వట్టి గడ్డి!"

గోదావరి జిల్లాల్లో పెరటి గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి చెప్పుకునే కబుర్లలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడకుండా ఉండదు. ఏ పెళ్లికో వెళ్లివస్తూ కడియం దగ్గర కారాపి, ముచ్చటపడి కొన్న నాలుగు లిల్లీ దుంపలు. మొదటి ఏడు చెప్పినట్టే పూశాయి. రెండో ఏడు ఆకులు దట్టంగా వచ్చాయి, పూలు తగ్గాయి. మూడో ఏడు కుండీ నిండా పచ్చగడ్డి మొలిచినట్టుందే తప్ప ఒక్క కాడ లేదు. నీళ్లు చాల్లేదేమోనని ఒకరు, ఎరువు తక్కువైందేమోనని ఇంకొకరు, దిష్టి తగిలిందని అత్తగారు. చివరికి 'మన చేతికి పూలు అచ్చిరావు' అని ఆ కుండీలో కరివేపాకు మొక్క పెట్టేస్తారు.

నిజానికి అందులో ఎవరి తప్పూ లేదు. లిల్లీ దుంప తన జన్మలో ఒక్కసారే పూస్తుంది. పోయినేడు పూసిన దుంప పని పోయినేడే అయిపోయింది. ఇక పూయాల్సింది దాని పిల్లలు. ఆ పిల్లలకు చోటూ తిండీ లేకపోతే ఆకులు వేసుకుని బతుకుతాయి తప్ప పూత జోలికి పోవు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, నాలుగు దుంపలతో మొదలెట్టిన ఇంట్లో నాలుగేళ్ల తర్వాత కూడా శరన్నవరాత్రుల నాటికి పూలుంటాయి.

లిల్లీ కాని లిల్లీ

మన పూల బజార్లో 'లిల్లీ' అంటే చాలు, ఏ పువ్వో అందరికీ తెలుసు. తెల్లగా, గొట్టంలా, కాడ పొడుగునా జంటలు జంటలుగా పూసి, పొద్దుగూకగానే వాసన పెంచే పువ్వు. పాతవాళ్లు నేల సంపెంగ అంటారు. హిందీ, బెంగాలీ వాళ్లకు రజనీగంధ. ఆ పేరుతోనే 1974లో బాసూ ఛటర్జీ ఓ సినిమా తీశారు. అందులో హీరో చేతిలో ఎప్పుడూ ఉండేవి ఈ పూలే. హైదరాబాదు పాతబస్తీలో గుల్-ఎ-షబ్బో అంటారు, రాత్రి పువ్వు అని అర్థం. ఇంగ్లిషులో ట్యూబరోజ్. పేరు చూసి గులాబీకి చుట్టమేమో అనుకుంటారు గానీ అక్కడ 'రోజ్' లేదు. దుంప గల మొక్క అని చెప్పే 'ట్యూబరోజా' అన్న లాటిన్ మాటే నోళ్లలో నలిగి అలా తయారైంది.

గులాబీ కాదు సరే, కనీసం లిల్లీ అయినా అవునా అంటే అదీ కాదు. దీని పుట్టిల్లు మెక్సికో. అక్కడి అజ్‌టెక్ ప్రజలు తెల్లదనం చూసి 'ఎముక పువ్వు' అని పేరు పెట్టుకున్నారు. చాలాకాలం శాస్త్రవేత్తలు దీన్ని పోలియాంథస్ ట్యూబరోజా అన్నారు. తర్వాత జన్యువులు పరిశీలించి, కిత్తనార కుటుంబంలోకే చేర్చి అగావే అమికా అని పిలుస్తున్నారు. కిత్తనార అంటే రైలు కట్టల వెంబడీ, పొలాల కంచెల్లోనూ కనిపించే ముళ్ల ఆకుల మొక్కే. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, ఒక్కసారిగా తాటిచెట్టంత స్తంభం లేపి, పూసి, ఆ తర్వాత ఎండిపోతుంది. చుట్టూ మాత్రం పిలకలు వదిలివెళ్తుంది. లిల్లీ చేసేదీ అచ్చంగా అదే. కాకపోతే మట్టి లోపల చేస్తుంది కాబట్టి మన కంటపడదు. అక్క బుద్ధే చెల్లెలికి వచ్చిందన్నమాట!

కడియపులంక తెల్లవారుజాము

రాజమండ్రి దాటి 16వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా వస్తే కడియపులంక. దేశమంతటికీ మొక్కలు పంపే నర్సరీలు ఒక పక్క, పూల మార్కెట్ ఒక పక్క. 2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులు మారి పక్కనున్న ఆలమూరు కోనసీమ జిల్లాలోకి వెళ్లినా, పూల బస్తాలకు ఆ హద్దులేవీ పట్టవు. బంతి, చేమంతి, కనకాంబరం, మల్లె... వాటి మధ్య లిల్లీ.

ఆ లిల్లీ బస్తాలో పూలు సగం మొగ్గలుగానే ఉంటాయి. అది లోపం కాదు, తెలివి. విచ్చుకోబోయే మొగ్గను తెల్లారేలోగా కోస్తే, దండలో గుచ్చి గుడికి చేరేసరికి అది విచ్చుకుని వాసన పట్టుకుంటుంది. బాగా ఎండెక్కాక కోసిన పువ్వు మధ్యాహ్నానికే తల వాల్చేస్తుంది. అందుకే పూల తోట ఉన్న ఇంట్లో కోడికూతకు ముందే దీపం వెలుగుతుంది. పండగ వస్తే ధర ఆకాశంలో, పండగ వెళ్లిన మర్నాడు నేల మీద. అన్నవరంలో ముహూర్తాలుంటే ఒక లెక్క, మూఢం వస్తే మరో లెక్క. 2020 వేసవిలో లాక్‌డౌన్ వచ్చి గుళ్లూ పెళ్లిళ్లూ ఒకేసారి ఆగిపోయినప్పుడు పూలు అడిగేవాళ్లే కరవయ్యారు. పువ్వు దాచుకుంటే నిలవ ఉండేది కాదు. అయితే దుంప పంటకు ఉన్న ధైర్యం అదే. పైన పువ్వు వాడిపోయినా, కింద మట్టిలో మరుసటి పండక్కి కావలసింది తయారవుతూనే ఉంటుంది.

రెక్క లిల్లీయా... ముద్ద లిల్లీయా?

మందారంలో రెక్క మందారం, ముద్ద మందారం ఉన్నట్టే లిల్లీలోనూ రెండు రకాలు. ఒకే వరస రేకులుంటే రెక్క లిల్లీ. రేకుల మీద రేకులు పేర్చినట్టుంటే ముద్ద లిల్లీ. దుంపలు కొనేవాళ్లు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఎందుకంటే రెండూ కావాలంటే ఒక్క మొక్క ఇవ్వలేదు.

వాసన కావాలంటే రెక్క లిల్లీయే. దండలకు వాడేదీ, అత్తరు తీసేదీ ఇదే. ముద్ద లిల్లీ చూడ్డానికి చక్కగా ఉంటుంది, కాడ గట్టిగా నిలబడుతుంది, పెళ్లి పందిట్లో వాజుల్లో పెట్టడానికి పేరు పెట్టనక్కర్లేదు. కానీ వాసనలో మాత్రం రెక్క లిల్లీకి సరితూగదు. పైగా కాడ కోశాక పై మొగ్గలు కొన్ని విచ్చుకోకుండానే ఉండిపోతాయి. 'అంత ధర పెట్టి కొన్నాం, వాసనే లేదేంటండీ' అని పూలకొట్టు దగ్గర నిలదీసేవాళ్లు కొనేది సాధారణంగా ముద్ద లిల్లీనే.

బెంగళూరు శివార్లలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ రెండింటి మీదా ఏళ్ల తరబడి పనిచేసింది. అక్కణ్నుంచి వచ్చిన రెక్క రకం శృంగార్. మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది, వేరుముడి పురుగును కొంతవరకు తట్టుకుంటుంది. శృంగార్‌ను మెక్సికన్ సింగిల్‌తో కలిపి తీసిన ప్రజ్వల్ పువ్వు మరింత బరువు తూగుతుంది. విడిపూలకూ పనికొస్తుంది, కాడలకూ పనికొస్తుంది. ఇంట్లో ఒక్క రకమే పెంచుకునే చోటుంటే ప్రజ్వల్ తెచ్చుకోవడం మేలు. కాడల కోసమే అయితే సువాసిని, వైభవ్ ఉన్నాయి. సువాసినిలో రేకుల వరసలు ఎక్కువ, పువ్వు పెద్దది. ఇవి కాక లక్నోలోని జాతీయ వృక్ష పరిశోధన సంస్థ దుంపలకు గామా కిరణాలు తగిలించి రజత రేఖ, స్వర్ణ రేఖ అని రెండు రకాలు తీసింది. రజత రేఖ ఆకు మీద వెండి గీత, స్వర్ణ రేఖ ఆకు అంచున బంగారు గీత. పువ్వు లేని రోజుల్లోనూ కుండీ అందంగా కనిపించాలనుకునే వాళ్లకు ఇవి బాగుంటాయి.

కార్తె చూసి లెక్కపెట్టండి

మంచి దుంప నాటిన దగ్గర్నుంచి పూత కంటపడడానికి మూడు నుంచి మూడున్నర నెలలు పడుతుంది. సులువుగా వంద రోజులనుకోండి. ఇక పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టడమే.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు నాటితే సెప్టెంబరు మొదట్లో, అంటే చాలా ఏళ్లలో వినాయక చవితి దరిదాపుల్లో పూత మొదలవుతుంది. జూన్ 8 తర్వాత మృగశిరలో నాటితే సెప్టెంబరు రెండో సగం. ఆరుద్రలో, అంటే జూన్ 22 నుంచి నాటితే అక్టోబరు మొదట్లో. పునర్వసులో, జూలై 6 తర్వాత నాటినవి అక్టోబరు రెండో సగానికి, దీపావళి ముంగిట కాడ వేస్తాయి. ఉన్న దుంపలన్నీ ఒకేరోజు నాటకుండా కార్తెకు కొన్ని చొప్పున నాటితే, చవితి దగ్గర్నుంచి కార్తీక మాసం దాకా ఇంట్లో పూలు తెగవు. వానలూ ఎండలూ బట్టి వారం పదిరోజులు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఒక్క తేదీని నమ్ముకోకుండా మూడు విడతలు వేసుకోవడం క్షేమం.

అయితే డెల్టాలో ఒక మెలిక ఉంది. జూన్, జూలై అంటే ఇక్కడ వానలు పట్టుకునే కాలం. ఇంకా మొలకెత్తని దుంప బురదలో కూర్చుంటే పువ్వు కాదుకదా, దుంపే మిగలదు. రోహిణిలోనే నాటిన దుంప వానలు ముదిరేసరికి వేళ్లు తన్ని, నాలుగాకులు వేసి నిలదొక్కుకుంటుంది. ఆలస్యంగా నాటేవాటిని మాత్రం వాన నీరు నేరుగా పడని వసారా అంచున, కుండీల్లో మొలకెత్తించి తర్వాత ఎండలోకి జరపాలి.

లంక నేల, నల్ల నేల

లిల్లీకి నచ్చిన నేల ఎలా ఉంటుందో తెలియాలంటే గోదావరి లంకలు చూడాలి. వరదలు తెచ్చిపోసిన ఒండ్రు, అందులో తగినంత ఇసుక. పోసిన నీరు నిలవదు, తడి మాత్రం ఆరదు. దుంపకు అంతకన్నా ఏం కావాలి? అదే నాలుగడుగులు లోపలికి వెళ్తే వరి పండే బరువు నేలలు. వాన పడితే జిగురు, ఎండితే పెచ్చులు. ఇలాంటి నేల ఉన్న ఇళ్లవాళ్లు మట్టిని జానెడెత్తు పోసి మడి కట్టుకోవాలి. మడి చుట్టూ నీరు పోయే దారి ఉండాలి. లేదంటే కుండీలే నయం.

పన్నెండంగుళాల కుండీలో నాలుగైదు దుంపలకు మించి పెట్టకూడదు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. అడుగు బెజ్జం మూసుకుపోకుండా పెంకు ముక్క వేయడం మరవకూడదు. దుంప మీద రెండంగుళాల మట్టి కప్పితే చాలు. నేలలో అయితే వరసకూ వరసకూ అడుగు, దుంపకూ దుంపకూ ముప్పావు అడుగు ఎడం ఇవ్వాలి. మొలక కనబడేదాకా నీళ్లు పొదుపుగా, కాడ లేచాక మాత్రం తడి ఆరకుండా. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. కొబ్బరి చెట్ల నీడన పెట్టి పూయలేదంటే లాభం లేదు.

ఎరువు విషయంలో ఒక జాగ్రత్త. పచ్చగా ఉండాలని యూరియా చల్లితే పచ్చగానే ఉంటుంది, ఆకులతో. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, కొంచెం బూడిద ఇస్తే ఇంటి కుండీకి సరిపోతుంది.

లంక నేలకు ఉన్న మంచితో పాటు ఒక ముప్పూ ఉంది. ఆ ఒండ్రు తెచ్చిన గోదావరే దాన్ని ముంచేస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంక రైతులకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చు. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. సరిగ్గా దసరా పూతకు దుంపలు వేళ్లు పట్టే రోజులవి. లిల్లీ మడిలో నీరు రోజుల తరబడి నిలిస్తే దుంప మెత్తబడి కుళ్లుతుంది. పూలు పోతే ఒక పండగ బేరం పోయినట్టు. దుంపలు పోతే విత్తనం పోయినట్టు, మళ్లీ కొనాలి. అందుకే లంకలో లిల్లీ వేసేవాళ్లు దుంపల్లో కొంత వాటా ఎప్పుడూ గట్టు మీదనో, ఊళ్లో పెరటిలోనో విడిగా నాటి ఉంచుకోవాలి. ఇంటివాళ్లకూ ఇదే సూత్రం. మడిలో పది దుంపలుంటే, రెండు కుండీలో ఉండాలి.

ఆవగింజల్లా కనిపిస్తే...

దుంప మంచిదైతే సగం తెగుళ్లు రావు. కొనేటప్పుడు వేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉండాలి, పైన మచ్చలూ బూజూ ఉండకూడదు. అంగుళం దరిదాపుల్లో మందం ఉంటే ఆ ఏడే పూస్తుంది. ఉసిరి గింజంత దుంపలు చవగ్గా ఇస్తున్నారని సంచీ నింపుకుంటే, ఏడాది పాటు ఆకులే చూసుకోవాలి.

వానాకాలంలో మొదలు దగ్గర తెల్లటి దూది పోగుల్లాంటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలు కనిపిస్తే అది మొదలు కుళ్లు. ఆ మొక్కనూ దాని చుట్టూ ఉన్న మట్టినీ తీసి దూరంగా పారేయాలి. ఆ మట్టిని మరో కుండీలో పోస్తే తెగులును చేతులారా పంచినట్టే. కాడలు వంకరపోయి మొగ్గలు మాడుతుంటే తామర పురుగులు చేరాయని అర్థం. వేపనూనె సాయంత్రం పూట పిచికారీ చేస్తే అదుపులో ఉంటాయి.

మొక్క ఏ కారణం లేకుండా కుచించుకుపోతుంటే పీకి వేళ్లు చూడండి. ముడులు ముడులుగా ఉంటే అది నులిపురుగుల పని. దానికి విరుగుడు మన ప్రాంతంలో కావలసినంత ఉంది, బంతి. లిల్లీ తీసేసిన మడిలో ఒక పంట బంతి వేస్తే వేరుముడి నులిపురుగుల బెడద బాగా తగ్గుతుంది. పశ్చిమ బెంగాల్లో లిల్లీ తోటలను పీడించే మరో నులిపురుగు ఉంది. వరి ఆకు కొసలు తెల్లబడేలా చేసేదీ అదే. చుట్టూ వరి పండే డెల్టాలో ఊరూ పేరూ తెలియని దుంపలు తెచ్చి నాటడం ఎందుకు మంచిది కాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

వాసన ఎక్కడికీ పోదు

లిల్లీ పగలు మర్యాదగా ఉండి, చీకటి పడ్డాక చెలరేగుతుంది. దానికో కారణం ఉంది. పుట్టింటి దేశంలో దీని మీద వాలేవి రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగులు. చీకట్లో వాటికి దారి చూపించాలంటే తెలుపు ఒక్కటీ చాలదు, వాసన కావాలి. మనం దాన్ని దేవుడికీ జడకూ వాడుకుంటున్నాం గానీ, పిలుపు అసలు మరొకరికి!

ఇంకో విశేషం. కోసిన తర్వాత కూడా ఈ పువ్వు గంటల తరబడి కొత్తగా పరిమళం తయారుచేస్తూనే ఉంటుంది. మల్లెకూ ఈ గుణం ఉంది. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో అత్తరువాళ్లు దీన్నే ఆసరా చేసుకుని, కొవ్వు పూసిన గాజు పలకల మీద పూలు పరిచి, ఆ కొవ్వుకు వాసన పట్టించేవారు. ఇప్పుడు ద్రావకాలతో తీస్తున్నారు. మన దక్షిణాదిలోనూ తీసి ఎగుమతి చేస్తారు. సుమారు వెయ్యి కిలోల పూలు పోస్తే దక్కే ముద్ద కిలోకు కొంచెం అటూ ఇటూ. సీసాలోని అత్తరుకు అంత ధర ఎందుకో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

ఇంట్లో వాజు కోసం కోసేటప్పుడు కాడ అడుగున ఒకటి రెండు జతల పూలు విచ్చుకున్నాక, పొద్దున్నే కోయాలి. మరీ మొగ్గ మీద కోస్తే పైవి విచ్చవు. కోసిన వెంటనే నీళ్లలో పెట్టాలి. కాడ కొస ఏటవాలుగా కత్తిరించి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రోజూ నీళ్లు మార్చి, వాడిన పూలు కింద నుంచి తుంచేస్తుంటే వారం రోజుల వరకూ పై మొగ్గలు విచ్చుతూనే ఉంటాయి. నీళ్లలో వట్టి పంచదార వేసి వదిలేయడం మాత్రం వద్దు. పువ్వుకన్నా ముందు అందులో క్రిములు బలుస్తాయి. తలుపులు వేసుకుని పడుకునే గదిలోకన్నా హాల్లో పెట్టుకుంటే తలనొప్పి బాధ ఉండదు.

ఒక్క లిల్లీయేనా అంటే, శరత్కాలంలో వాసన పంచే దుంప జాతులు ఇంకా ఉన్నాయి. సీతాకోకలు వాలినట్టు తెల్లగా పూసే జింజర్ లిల్లీకి కొంచెం నీడ, ఎక్కువ తడి ఉన్నా ఇబ్బంది లేదు. పంపు దగ్గర లిల్లీ బతకని చోట అది బతుకుతుంది. కాకపోతే ఆ పువ్వు కోస్తే నిలవదు, చెట్టు మీదే చూసుకోవాలి. పెద్దాకుల క్రైనం, సాలీడు కాళ్లలాంటి రేకుల స్పైడర్ లిల్లీ వానలకు తట్టుకుంటాయి. సాయంత్రాలు చక్కగా వాసనేస్తాయి. బొమ్మ చూసి మోజుపడి హయసింత్, తులిప్ దుంపలు తెప్పించుకునేవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. వాటికి వారాల తరబడి గడ్డకట్టే చలి లాంటిది కావాలి. అది గోదావరి గట్టున ఎక్కడ దొరుకుతుంది?

ఉగాదికి తవ్వాలి

ఇక అసలు పని. చాలామంది చేయనిదీ, చేయకపోవడం వల్లే పూలు పోగొట్టుకునేదీ ఇదే.

కార్తీకం వెళ్లి చలి ముదిరాక లిల్లీ నెమ్మదిస్తుంది. సంక్రాంతి తర్వాత నీళ్లు తగ్గించుకుంటూ వచ్చి, శివరాత్రికి పూర్తిగా ఆపేయాలి. ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. అయ్యో మొక్క చచ్చిపోతోందని జాలిపడి నీళ్లు పోయకూడదు. ఆ ఆకుల్లో ఉన్న సత్తువంతా అప్పుడు దుంపల్లోకి దిగుతుంటుంది. ఉగాది నాటికి తవ్వి బయటకు తీయాలి.

తీసిన గుత్తిని చేతిలో పట్టుకుని చూస్తే ఈ మొక్క కథంతా కనిపిస్తుంది. నడుమ పోయినేడు పూసిన తల్లి దుంప. ఎండిన కాడ మొదలు ఇంకా దానికే అంటుకుని ఉంటుంది. దుంప వడలి, తేలికై ఉంటుంది. దాని చుట్టూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పిల్ల దుంపలు, కొన్ని బొటనవేలంత, కొన్ని వేరుశనగ గింజంత. విడదీయకుండా వదిలేస్తే రెండో ఏడు వాటిలో పెద్దవి పూస్తాయి. నేలలో అయితే రెండు మూడేళ్ల దాకా ఇలా లాగొచ్చు. కుండీలో అంత చోటు ఉండదు. ఆ తర్వాత గుంపు ఎక్కువై అన్నీ చిక్కిపోతాయి. వదినగారి కుండీలో మొలిచిన 'వట్టి గడ్డి' రహస్యం ఇదే.

తల్లి దుంపను తీసేయాలి. బొటనవేలంత ఉన్నవాటిని ఒక పక్కన పెట్టాలి, ఈ ఏడు పూయబోయేవి అవే. చిన్నవాటిని పారేయక్కర్లేదు. విడిగా ఒక మూల దగ్గర దగ్గరగా నాటితే ఏడాదిలో బలిసి వచ్చే ఏడు పూతకొస్తాయి. పూయబోయే దుంపలను మట్టి దులిపి, నీడన, గాలి తగిలే చోట పల్చగా పరిచి కనీసం నెలరోజులు ఆరబెట్టాలి. వారానికోసారి అటూ ఇటూ తిప్పుతుంటే బూజు పట్టదు. ఉల్లిపాయలు ఆరబోసినట్టే. ఆ విశ్రాంతి లేని దుంప సరిగ్గా మొలకెత్తదు. రోహిణి కార్తె వచ్చేసరికి అవి సిద్ధం.

నాలుగు దుంపలు తెచ్చిన ఇంట్లో రెండేళ్లు తిరిగేసరికి అందరికీ పంచేటన్ని అవుతాయి. అప్పుడు ఓ పదింటిని కాగితంలో చుట్టి పక్కింటి పిన్నిగారికి ఇవ్వండి. ఇది ఉదారంగా చేసే పనే కాదు, ముందుచూపు కూడా. ఒక ఏడు మీ మడి వానకు కుళ్లినా, తెగులుకు పోయినా, ఆ దుంపల పిల్లలు గోడ అవతల బతికే ఉంటాయి. అడిగితే పదికి పది తిరిగి వస్తాయి.

దసరా రోజుల్లో చీకటి పడుతుండగా ఆ గోడ మీదుగా వాసన వస్తే, అది ఎవరింటి పువ్వని అడగక్కర్లేదు. రెండిళ్లదీ ఒకే తల్లి దుంప.